ప్రహరీ వెంట మీటరు పచ్చదనం: ఉంచాలా, పార్కింగ్‌కి ఇచ్చేయాలా?

కూకట్‌పల్లి వాసి
మా అపార్ట్‌మెంట్ 600 చదరపు మీటర్ల స్థలంలో ఉంది. బిల్డర్ ప్రహరీ వెంట చుట్టూ మీటరు వెడల్పున మట్టి వదిలి మొక్కలు పెట్టాడు. దాన్ని సిమెంటు చేసి పక్క సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగుకీ ప్రహరీకీ మధ్య వదిలిన ఖాళీలో, కార్లు పెట్టుకుందామని అసోసియేషన్‌లో చాలామంది అడుగుతున్నారు. నా ఓటూ దానికే. దాదాపు ప్రతి ఫ్లాటుకీ రెండో కారు వచ్చింది, రోడ్డు మీద పెడితే గీతలు పడుతున్నాయి. స్థలం మనది, పన్ను కట్టేది మనం. మొక్కలు కుండీల్లోనూ పెరుగుతాయి కదా. మీరేమంటారు?

కరివేపచెట్టు
వద్దనే అంటాను అన్నా. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల 168 జీవో ప్రకారం, 300 చదరపు మీటర్లు దాటిన ప్లాటులో సెట్‌బ్యాక్ లోపలే, ప్రహరీ పొడవునా, కనీసం మీటరు వెడల్పున పచ్చదనం పెంచాలి. పెంచకపోతే ఏటా ఆస్తిపన్ను మీద 10 శాతం అదనంగా వేయొచ్చు.

జీవో సంగతి పక్కన పెట్టినా లెక్క చూడండి. మీ స్థలం 20 మీటర్లు, 30 మీటర్లు అనుకుందాం. చుట్టూ మీటరు పట్టీ అంటే 96 చదరపు మీటర్లు, గేటు దగ్గర కొంత పోతుంది. ఆ చోటులో మీకు బతికున్న నేల అంటూ మిగిలింది అదొక్కటే. 10 సెంటీమీటర్ల వాన పడితే మొత్తం స్థలం మీద 60,000 లీటర్లు పడతాయి. మట్టి లేకపోతే అందులో ఎక్కువ భాగం గేటు దాటి రోడ్డు మీదికే. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంత వానను మీ పట్టీ ఆపుతుందని అనను. మామూలు వానలను మాత్రం తప్పకుండా తాగుతుంది, బోరుకి అందిస్తుంది. కుండీ ఆ పని చేయదు, దాని కింద ఉన్నది సిమెంటు.

సైట్ ఇంజినీరు
నేను బిల్డర్ల దగ్గర పని చేస్తాను, నా బాధ వేరు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగు నియమాల ప్రకారం ఉంది, ఇక అందులో ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చేదాకా కార్పొరేషన్ దగ్గర 10 శాతం బిల్టప్ ఏరియా తనఖాలో ఉంటుంది. అందుకని త్వరగా పచ్చగా కనబడాలని, వేగంగా పెరిగే కోనోకార్పస్ చెట్లు వరసగా నాటించేస్తారు. కొన్నేళ్లకు వేళ్లు సంపులోకి, డ్రైనేజీ పైపుల్లోకి వెళ్తాయి. గోడ పగిలితే తిట్లు మాకు. మీటరు వెడల్పులో చెట్టు పెంచమనడం సరైన నియమం కాదు. ఒక మూల పార్కులా పెద్ద ముక్క వదలమంటే మేలు.

కూకట్‌పల్లి వాసి
అదే నేనూ అంటున్నది. పైగా మా వీధిలో సగం బిల్డింగులు పట్టీ ఎప్పుడో పూడ్చేశాయి. ఒక్కరికీ 10 శాతం పడినట్టు వినలేదు.

కరివేపచెట్టు
ఇంజినీరు గారూ, కోనోకార్పస్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అది తీసేయాల్సిందే. తప్పు నాటిన మొక్కది, పట్టీది కాదు. మీటరు చోటులో నందివర్ధనం, గన్నేరు, మందారం, కరివేపాకు, నిమ్మ హాయిగా పెరుగుతాయి. వేప, రావి మాత్రం గోడ పక్కన వద్దు. పెద్ద ముక్క ఒక మూల వదిలితే ఆ మూల ఫ్లాట్లకే నీడ. పక్కింటి వంటగది కిటికీకీ మన బెడ్‌రూమ్ కిటికీకీ మధ్య ఆకుల అడ్డం ఉండాలంటే పట్టీ గోడ వెంటే ఉండాలి. ఈ నియమంలో నాకు అన్నిటికంటే విలువైనది అదే, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కూకట్‌పల్లి అన్నా, కారుకి రెండున్నర మీటర్లు కావాలి. మూడు, మూడున్నర మీటర్ల సెట్‌బ్యాక్‌లో కారు నిలిపితే స్ట్రెచర్ తిరగడానికి దారేది? మంటలంటుకుంటే ఫైర్ వాళ్లు పైపులు లాగేదెలా?

టెక్సస్ తెలుగు
ఇక్కడ చాలా ఊళ్లలో ఇళ్ల పక్కన దుకాణ సముదాయం కట్టాలంటే మధ్యలో బఫర్ యార్డ్ అనే ఖాళీ పట్టీ వదలాలి. ఎన్ని అడుగులకు ఎన్ని చెట్లు, ఎన్ని పొదలు, గోడ కావాలా అన్నది ప్లాన్‌లోనే చూపాలి. నాటిన చెట్టు చచ్చిపోతే యజమానే మళ్లీ నాటాలి. ఖర్చు ఎక్కువే, నీటి కరువు రోజుల్లో గడ్డి గురించి గొడవలూ ఉన్నాయి. కానీ నాటడంతో బాధ్యత తీరిపోదు.

కరివేపచెట్టు
మన దగ్గర లేనిది ఆ చివరి ముక్కే. సర్టిఫికెట్ ఇచ్చిన రోజు చూస్తారు, తర్వాత అటు తొంగిచూసేవారుండరు. ఆస్తిపన్ను నోటీసు ఇచ్చేటప్పుడే పట్టీ ఫోటో అడిగితే సరిపోతుంది. పక్క బిల్డింగులు పూడ్చాయంటే, ఆ నీళ్లు కూడా మీ వీధిలోకే వస్తున్నాయని అర్థం.

మీ జనరల్ బాడీలో సిమెంటు తీర్మానానికి బదులు ఇది పెట్టి చూడండి: కోనోకార్పస్ ఉంటే వేళ్లతో సహా తీయించడం, పట్టీని పేవింగ్ కంటే నాలుగంగుళాలు కిందికి దించడం, అంచు రాళ్ల మధ్య సందులు వదిలి వాన నీళ్లు అటే పారేలా వాలు చేయడం. రెండో కార్లకు వీధిలో ఖాళీ ప్లాటు అద్దెకు దొరుకుతుందేమో అడగండి, ఖర్చు రెండో కారు ఉన్నవాళ్లే పంచుకోవాలి. ఒక్క కారు కూడా లేని ఫ్లాటు వాళ్లకీ ఆ మట్టిలో వాటా ఉంది.

కూకట్‌పల్లి వాసి
అద్దె సంగతి కనుక్కుంటాను. సిమెంటు మీద నా అభిప్రాయం ఇంకా మారలేదు, కానీ స్ట్రెచర్ మాట మీటింగ్‌లో నేనే లేవనెత్తుతాను. మా మూడో అంతస్తులో మంచాన పడ్డ పెద్దాయన ఉన్నారు.