అప్‌డేట్: బైబిల్ చరిత్రా, కల్పనా అని అడిగాను కదా

బైబిల్‌ని చరిత్రగా చదవాలా, కల్పనగా చదవాలా అన్నది నా ప్రశ్న. "మొత్తం పుస్తకం గురించి తేల్చకు, ఒక్క సంఘటన పట్టుకుని బయటి ఆధారాలతో పోల్చి చూడు" అన్న సలహా బాగా పనికొచ్చింది.

క్రీ.పూ. 701లో అష్షూరు (అస్సీరియా) రాజు సన్హెరీబు యూదా రాజ్యం మీద చేసిన దండయాత్ర తీసుకున్నాను. రాజుల రెండో గ్రంథంలో ఉంది. సన్హెరీబు కూడా తన కథను మట్టి పట్టకాల మీద రాయించుకున్నాడు. యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని గొప్పలు పోయాడు. నగరం పట్టుకున్నానని మాత్రం అనలేదు! హిజ్కియా కట్టిన కప్పం లెక్క ఇంకా ఆసక్తికరం. బంగారం రెండు చోట్లా 30 టాలెంట్లే (టాలెంట్ అంటే అప్పటి తూకం). వెండి మాత్రం బైబిల్‌లో 300, అష్షూరు రాతలో 800. ఇచ్చినవాళ్లు తగ్గించారో, పుచ్చుకున్నవాళ్లు పెంచారో. యూదా నగరం లాకీషు ముట్టడి శిల్పాలైతే అష్షూరు రాజధాని నీనెవె రాజభవనంలో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

అదే కథలో దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మంది సైనికులను హతం చేశాడనీ ఉంది. దీన్ని అష్షూరు రాతలు బలపరచవు. అది విశ్వాసానికి సంబంధించిన మాట, తవ్వకాలు తేల్చేది కాదు.

అందుకే ఇప్పుడు ఏ భాగం ఏ రకం రచనో ముందు చూసుకుంటున్నాను. యోబు గ్రంథంలో ఎక్కువ భాగం కవిత్వం. తప్పిపోయిన కుమారుడిది ఏ ఊరని ఎవరూ వెతకరు, యేసు చెప్పిందే ఉపమానంగా.

ప్రస్తుతం నిర్గమకాండంలో ఉన్నాను. ఫరో (ఈజిప్టు రాజు) అంటారే గానీ ఏ ఫరోనో పేరు చెప్పరు. పేరు లేకపోతే బయటి ఆధారాలతో ఎలా పోల్చాలి? అక్కడే టెన్షన్ మొదలైంది.