"వినినంతనె వేగపడక..." తర్వాతి మాట ఏమిటి?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక వార్తను నిన్న చదివీ చదవగానే నలుగురికి పంపాను. సాయంత్రానికి అబద్ధమని తేలింది. అప్పటి నుంచి అమ్మమ్మ చదివే సుమతి పద్యం చెవిలో తిరుగుతోంది. "వేగపడక విచారింపదగున్" అనేదా, "వివరింపదగున్" అనేదా?

— వివరింపదగున్. 'విచారిం' యగణం, పలికే కాలం లెక్కన ఐదు మాత్రలు. కంద పద్యంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలే, అందుకే ఇమడదు. 'వివరిం' సగణం, సరిగ్గా నాలుగు.

— గణం కుదిరింది మాస్టారూ, అర్థమే కుదరలేదు. వివరించడమంటే ఇంకొకరికి విడమరిచి చెప్పడం కదా? నేను చేసిన తప్పు అదే!

— సంస్కృతంలో 'వివృ' అంటే తెరవడం. వివృతం, వివరణ అక్కడివే. కాబట్టి ఇక్కడ విప్పి చూడడమనే నేను చదువుతాను.

— నాకైతే పద్యం బరువంతా 'వేగపడక'లో ఉంది. నేను సైకాలజీ చెబుతాను. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వినపడితే నిజమనిపిస్తుందని 1977లోనే హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో చూపించారు. ముందే విన్న మాటను మెదడు తేలిగ్గా అందుకుంటుంది, ఆ తేలికనే నిజమనుకుంటుంది. నాలుగు గ్రూపుల్లో కనపడ్డ ఫార్వర్డ్‌కు బలం అదే. ఇక 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ట్విట్టర్‌లో అబద్ధపు వార్తను రీట్వీట్ చేసే అవకాశం నిజమైనదానికన్నా 70 శాతం ఎక్కువ. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ, ఆశ్చర్యపోయిన చెయ్యి ఆగదు.

— అందరూ మొదటి పాదం "వినదగు నెవ్వరు చెప్పిన"లోని 'ఎవ్వరు చెప్పిన' దాటేశారు. అసలు సంగతి అక్కడే ఉంది. తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయ సూత్రాల్లో "ఆప్తోపదేశః శబ్దః" అని ఉంది, ఆప్తుడి మాట ప్రమాణమని. అక్కడ ఆప్తుడంటే విషయం తెలిసి, ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మన తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు. బాబాయి పంపాడని నమ్మేటప్పుడు మనం ఈ రెండో అర్థాన్ని మొదటి అర్థంగా తీసుకుంటున్నాం. 'ఎవ్వరు చెప్పిన' అన్న కవి ఎంత దూరం చూశాడో! దగ్గరివాడు చెప్పినా పరీక్ష తప్పదు.

— బాగా చెప్పారమ్మా. కానీ ఈ గ్రూపుల తీరుకు నేను వేమన దగ్గరికే వెళ్తాను. "తప్పులెన్నువారు తండోపతండంబు." ఎదుటివాడి ముఖం కనపడని చోట ఆ మాట ఇంకా నిజం. "తమ తప్పులెరుగరు" దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

— వేమన సరే సార్, సుమతి పద్యం మూడో పాదం "కనికల్ల నిజము దెలిసిన" ఎవరూ పట్టించుకోలేదు. మా బడిలో 'కనికల్ల' అని కలిపేసి చదివించారు. కని, కల్ల విడదీస్తేనే కదా 'చూసి' అనే అర్థం వచ్చేది? మరి ఆ 'కని' వెనక ఉన్న 'వివరింప'ను అందుకుంటుందా, ముందున్న 'దెలిసిన'తో పోతుందా?