ఒరాన్యె: రంగా, ఊరా?

వసుధ: డచ్చివాళ్ల జాతీయగీతంలో "ఒరాన్యె రాజకుమారుణ్ణి" అని ఒక పాదం ఉంది, పక్కది గుర్తురాక చంపుతోంది. అక్కడ ఒరాన్యె రంగేనా? డచ్చి నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్‌లో నారింజ రంగుకి కూడా అదే మాట కదా.

రంగారావు: ఒక పాదం విడిచి వచ్చేది "హిస్పాన్యె రాజు", అంటే స్పెయిన్ రాజు. అంత్యప్రాస. ఒరాన్యె ఇక్కడ ఊరండీ, దక్షిణ ఫ్రాన్స్‌లోది. రోమన్లనాటి పేరు అరౌసియో. 1544లో ఆ సంస్థానం నాసౌ వంశపు విలియంకి, అంటే ఆ గీతంలోని రాజకుమారుడికే, వారసత్వంగా వచ్చింది. ఊరి పేరు, పండు పేరు ఒకేలా ఉండటంతో రంగు ఆ వంశానికి అంటుకుంది.

శ్రీవల్లి: దక్షిణాఫ్రికా ఒరాన్యె నదీ అంతే. నీళ్ల రంగుని బట్టి పెట్టారనుకుంటారు చాలామంది. 1779లో డచ్చి అన్వేషకుడు రాబర్ట్ గోర్డన్ పెట్టింది ఆ రాజవంశం పేరు. అక్కడి స్థానికులైన ఖోయి జనం దాన్ని గరీప్ అనేవారు. ఉపనది వాల్‌ది మాత్రం అచ్చమైన రంగు పేరు, వెలిసిన మట్టిరంగు. ఆఫ్రికాన్స్‌లో "ఫాల్" అని పలకాలి. అన్నట్టు అక్కడ కమలాపండు "లెమూన్". డచ్చిలో "సినాస్‌అప్పెల్", చైనా ఆపిల్! ఒరాన్యె రంగుకే మిగిలింది.

వసుధ: సంస్కృత నారంగంలో గ, మన నారింజలో జ, వాళ్లకి న్యె. ఎలా?

రంగారావు: పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్. అక్కణ్ణుంచి స్పెయిన్, ఫ్రాన్స్. ఫ్రెంచికి వచ్చేసరికి మొదటి న ఊడింది. మన జ కూడా అరబ్బు ఓడల్లో తిరిగొచ్చిందే అని నా గట్టి నమ్మకం.

శ్రీవల్లి: ఒప్పుకోను. తమిళంలో నఱు అంటే సువాసన, మలయాళంలో నారంగ అంటే నిమ్మ, మనకి నారదబ్బ ఉంది. ఇంట్లో ఉన్న మాటకి ఓడెందుకు?

రంగారావు: మూలం ద్రావిడమంటే నాకూ ఇష్టమే. నా పేచీ జ ఒక్కదానితోనే. హరవిలాసంలో శ్రీనాథుడి హురుమంజి గుర్రాలు గుర్తున్నాయా? పర్షియా రేవు హోర్ముజ్ మన నోట హురుమంజి కాలేదూ?

శ్రీవల్లి: అందులో జకారం హోర్ముజ్‌దే అండీ. మనం చేర్చింది సున్న. మీ వాదానికి అది పనికిరాదు. కానీ ఎంత సీసం అది! ఆ కావ్యం అంకితం పుచ్చుకున్న వర్తకుడు తిప్పయసెట్టి ఇంటివాళ్ల ఓడల్లో సరుకంతా కళ్లముందు దింపేశాడు.

వసుధ: ఆ పద్యం మొత్తం ఎవరైనా పెట్టండి, ప్లీజ్. మొదట్లోని పంజార కర్పూరం దాటి నాకు రావడం లేదు.