డిజైర్ డీజిల్‌కి టైమింగ్ చెయిన్ మార్చాలంటే ఇంజిన్ దించాల్సిందేనా?

కాజీపేట డిజైర్:
అన్నలందరికీ నమస్తే. మాది 2013 డిజైర్ డీజిల్, 1,72,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కుడి చక్రం వైపు నుంచి గరగరమని శబ్దం వచ్చి, కాసేపటికి ఆగిపోతుంది. వేడెక్కాక ఏమీ ఉండదు. మెకానిక్ విని "చెయిన్ సాగింది, ఇంజిన్ దించాలి" అన్నాడు. నాన్నేమో దించిన ఇంజిన్ మళ్లీ మొదటిలా ఉండదని పట్టుబట్టి కూర్చున్నారు. దించకుండా అయ్యే పనేనా?

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ:
అవుతుంది తమ్ముడూ. నీ బండిలో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్, 1248 సీసీ. ఫియట్ పుంటో, లీనియా, టాటా విస్టా క్వాడ్రాజెట్‌లోనూ ఇదే. మా షెడ్డులో ఇవన్నీ బండిలో ఉండగానే చేస్తాం.

విప్పే ముందు ఆయిల్ సంగతి చూడు. పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌లనీ కలిపి తిప్పేది ఈ చెయిన్. దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్‌ని నెట్టేది ఆయిల్ ప్రెషరే. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి జారిపోతుంది, ప్రెషర్ ఎక్కేదాకా చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి చూడు. అయినా తగ్గకపోయినా, రోజురోజుకీ శబ్దం ఎక్కువసేపు వస్తున్నా ఇక ఆలస్యం చేయొద్దు. చెయిన్ పళ్లు దాటితే పిస్టన్ వెళ్లి వాల్వుకి తగలొచ్చు. క్యామ్‌కీ వాల్వుకీ మధ్య ఉండే రాకర్లు విరిగితే అదృష్టం, వాల్వులు వంగితే ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, దించాల్సిందే.

పని ఎక్కడ బిగుసుకుంటుందంటే, చెయిన్ కవర్ విప్పాలంటే కింద ఆయిల్ చాంబర్ కూడా విప్పాలి. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే కుడివైపు మౌంటు కూడా తీయాలి. మౌంటు తీస్తే ఇంజిన్ దేని మీద నిలబడాలి? చాంబర్ కింద జాకీ పెట్టలేం, చాంబరే విప్పుతున్నాం కదా! అందుకే రెండు ఫెండర్ల మీదుగా సపోర్ట్ బార్ వేసి, ఇంజిన్ కొక్కేనికి ఇనుప గొలుసు తగిలించి పై నుంచి వేలాడదీస్తాం. పుల్లీకీ చాసిస్‌కీ మధ్య చెయ్యి పట్టేంతే సందు. ఒక బోల్టు కోసం ఇంజిన్ కాస్త ఎత్తాలి, ఇంకోదానికి కాస్త దించాలి. బార్ లేని షెడ్డువాడు "దించాలి" అనే అంటాడు, అతని తప్పేం లేదు.

గోదావరి డ్రైవర్:
గురువు గారూ, మా విస్టాకి బండిలోనే చేయించాం. కొన్నాళ్లకే కవర్ అంచు నుంచి ఆయిల్ కారడం మొదలైంది. దించి చేస్తే శుభ్రంగా అవుతుందని నా అభిప్రాయం.

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ:
మీరన్నదీ నిజమే అండీ. ఆ కవర్ ఆయిల్ కారకుండా పట్టే సీలింగ్ పేస్టు మీద కూర్చుంటుంది. పాత పేస్టు పూర్తిగా గీకి, నూనె జిడ్డు లేకుండా తుడిచి, కొత్తది సన్నగా ఒకే తీగలా తెగకుండా వేయాలి. వేశాక ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చి అప్పుడు ఆయిల్ పోయాలి. సాయంత్రానికల్లా బండి కావాలని కస్టమర్ నెత్తిమీద కూర్చుంటే జరిగేది మీకు జరిగినదే. ఇంజిన్ దించినా, బండిలోనే ఉన్నా పేస్టు ఆరే టైము ఒకటే. క్రాంక్ ముందు సీలు కూడా అప్పుడే మార్చాలి, దాన్ని మిగిల్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పొగ కొట్టి ఆయిల్ తాగుతున్న బండయితే మాత్రం నేనూ దించమనే చెప్తాను. పిస్టన్ రింగుల పని ఉన్నప్పుడు సందులో కుస్తీ ఎందుకు?

కాజీపేట డిజైర్:
అన్నా, మెకానిక్‌ని మళ్లీ అడిగాను. బండిలోనే చేస్తానన్నాడు, 22,000 చెప్పాడు. టైమింగ్ ఎలా పెడతావంటే పాత చెయిన్ మీద, పళ్ల చక్రాల మీద వైట్‌నర్‌తో గుర్తులు పెట్టుకుని అవే కొత్తదాని మీద వేస్తానన్నాడు. పర్వాలేదా?

ఆటోనగర్ షెడ్డు, విజయవాడ:
వద్దు. పాత చెయిన్ సాగింది కాబట్టే మారుస్తున్నాం. అది సాగి ఉన్నచోట గుర్తు పెడితే ఆ తేడా కొత్తదానికీ వస్తుంది. ఈ ఇంజిన్‌కి కదలకుండా పట్టే లాకింగ్ పిన్నులు దొరుకుతాయి, క్యామ్‌లకు వేరే, క్రాంక్ చివర ఉండే బరువు చక్రం ఫ్లైవీల్‌కి వేరే. అవి దిగితేనే టైమింగ్ కూర్చున్నట్టు. ఆ కిట్టు కొనమను, లేదంటే అది ఉన్న షెడ్డుకి తీసుకెళ్లు.

ఇంకో రెండు అడుగు. చెయిన్ ఒక్కటే వేస్తాడా, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు కలిపి వేస్తాడా? అరిగిన చక్రం మీద కొత్త చెయిన్ నిలవదు. క్రాంక్ బోల్టు ఏ వైపు తిప్పితే వదులుతుందో మాన్యువల్ చూశాడా? చూడకుండా పానాకి నాలుగడుగుల పైపు తగిలించేవాళ్లు ఉన్నారు.

బిగించాక తాళంచెవి ముట్టుకోనివ్వకు. పిన్నులు తీసేసి క్రాంక్‌ని పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకూడదు. తిప్పాక పిన్నులు మళ్లీ వాటంతట అవి దిగాలి. ఆ పని నువ్వు పక్కనే నిలబడి చూడు, మెకానిక్ ఏమనుకున్నా సరే.