పదో తరగతిలో ‘బేసిక్’ లెక్కలు పెట్టమంటే ఒప్పుకోవాలా?

గుణదల అమ్మ:
మా పాప సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతి. హాఫ్ ఇయర్లీ లెక్కల్లో 80కి 34 వచ్చాయి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో, “పదికి మ్యాథ్స్ బేసిక్ పెట్టేయండి, తొంభై దాటేస్తుంది” అన్నారు. పుస్తకం అదే, సిలబస్ అదే, పేపరొక్కటే తేలికట. నాకు మింగుడు పడలేదు. పేపర్ తేలికని తెలిశాక కష్టమైన లెక్కను ఎవరు ముట్టుకుంటారు? పిల్లా ముట్టుకోదు, టీచరూ చేయించరు.

లెక్కల మాస్టారు:
అమ్మా, ఈ రెండు పేపర్లు 2020 బోర్డు పరీక్షల నుంచి ఉన్నాయి: మామూలు స్థాయిది స్టాండర్డ్ (సబ్జెక్ట్ కోడ్ 041), తేలికది బేసిక్ (241). అంతకుముందు లెక్కల భయంతో మిగతా సబ్జెక్టులూ పాడుచేసుకున్న పిల్లల్ని కళ్లారా చూశాను. లా చదవాలనుకునే పిల్ల త్రికోణమితిలో కష్టమైన లెక్కలతో ఎందుకు కుస్తీ పట్టాలి? బేసిక్‌ను చిన్నచూపు చూడకండి.

మియాపూర్ నాన్న:
తేడా ఎంతో కూడా చెప్పండి మాస్టారూ. బోర్డు ఇచ్చిన మార్కుల పట్టికలో, 80కి గుర్తుంచుకుని, అర్థం చేసుకుని రాసేవి స్టాండర్డ్‌లో 43, బేసిక్‌లో 60. విశ్లేషించి ఆలోచించాల్సినవి అక్కడ 18, ఇక్కడ 8. మావాడు బేసిక్‌లో మంచి మార్కులే తెచ్చుకున్నాడు, మేమూ మురిసిపోయాం. ఇప్పుడు పదకొండులో కామర్స్‌తో అప్లైడ్ మ్యాథ్స్ చదువుతున్నాడు. లెక్క నాలుగు లైన్లుంటే చాలు, పెన్ను కింద పెట్టేస్తున్నాడు. ఆ మార్కులు చూసి మేమే మోసపోయాం.

లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది. కానీ దారి మూసుకుపోలేదు. బేసిక్ పాసయ్యాక మనసు మారితే, ఫలితాల తర్వాత పెట్టే కంపార్ట్‌మెంట్ పరీక్షలో స్టాండర్డ్ రాసే వీలు ఈ పద్ధతి వచ్చినప్పుడు ఇచ్చారు. అసలు రూలు ప్రకారం బేసిక్ వాళ్లకు పదకొండులో మామూలు మ్యాథ్స్ ఇవ్వరు. కొవిడ్ నాటి నుంచి సడలించారు: పిల్లలు నెగ్గుకొస్తారనిపిస్తే ప్రిన్సిపాల్ ఇవ్వొచ్చు. ఏ ఏడాదికా ఏడాది సర్క్యులర్ మాత్రం చూసుకోండి.

గుణదల అమ్మ:
రూల్స్ చెప్పినందుకు థాంక్సండీ. రాత్రి పాప ఆన్సర్ షీట్ తీసి కూర్చున్నాను. సగం తప్పులు భిన్నాల దగ్గర, ప్లస్ మైనస్‌ల దగ్గరే. అంటే ఆరు, ఏడు తరగతుల్లో మిగిలిపోయిన బాకీ. అది తీర్చకుండా పేపర్ మార్చమంటున్నారు, నా కోపమంతా దానికే. లెక్కలు వద్దని పాప అంటే బేసిక్‌కి నేనే సంతకం పెడతాను. స్కూల్ రిజల్ట్ కోసమైతే పెట్టను. పదిలో బోర్డుకి పేర్లు పంపేదాకా టైముంది. ఈ ఆదివారం నుంచి రోజూ అరగంట భిన్నాలు చేయిస్తాను. మాస్టారూ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?