వానాకాలంలో గోల్ఫ్ గ్లవ్: తోలుది కొనాలా, వాన గ్లవ్ కొనాలా?

తూర్పుతీరం:
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. ఉద్యోగ విరమణ తరువాత గోల్ఫ్ మొదలుపెట్టాను, ఇది మూడో వానాకాలం. వారానికి నాలుగు రోజులు తెల్లవారగానే కోర్సులో ఉంటాను. కుడిచేతివాటం కనుక గ్లవ్ ఎడమ చేతికే. మా ఊళ్ళో బాధ వాన ఒక్కటే కాదు. చినుకు పడని రోజున కూడా సముద్రపు గాలి ఉక్కకు నాలుగో హోల్ దాటేసరికి గ్లవ్ చెమటతో తడిసి ముద్దవుతుంది.

జూన్ నుంచి ఇప్పటికి మూడు తోలు గ్లవ్‌లు పోయాయి. మొదటిదాన్ని డాబా మీద ఎండలో ఆరేశాను. సాయంత్రానికి అప్పడంలా బిగిసిపోయి, చెయ్యి దూర్చగానే బొటనవేలి కుట్టు దగ్గర చిరిగింది. రెండోది బ్యాగు పక్క జేబులో ఉండిపోయి బూజు పట్టింది. మూడోదానికి అరచేతి అడుగున, చిటికెనవేలి వైపు కండ ఉండే చోట, రూపాయి బిళ్ళంత చిల్లు పడింది.

మొన్న బుధవారం తుంపరలో ఏడో ఐరన్ (బంతిని కొట్టే క్లబ్బుల్లో ఒకటి) ఊపితే క్లబ్ చేతిలోంచి జారి, పక్కన నిలబడిన క్యాడీ కాళ్ళ ముందు పడింది. అతనికి తగల్లేదు. కానీ నా గుండె ఆగినంత పనైంది, ఆ రోజు ఇక ఆడలేకపోయాను. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇంకొకరికి దెబ్బ తగలకూడదు. వాన గ్లవ్‌లు రెండు చేతులకూ జతగా అమ్ముతున్నారు. కుడి చేతికి నేనెప్పుడూ వేసుకోలేదు. నిజంగా అవసరమా? తోలువి మన్నాలంటే ఏం చేయాలి?

గోల్కొండవాకిలి:
మేము హైదరాబాదులో, నయా ఖిల్లా గోడల మధ్య ఆడతాం. ఇక్కడ వాన ఒక జల్లు కొట్టి వెలుస్తుంది కాబట్టి తోలు గ్లవ్‌లతోనే నెట్టుకొస్తున్నాను. బ్యాగులో మూడు ఉంటాయి. మూడు హోల్స్‌కు ఒకసారి మారుస్తాను. విప్పినదాన్ని గొడుగు లోపల పుల్లకు తగిలిస్తే తడవకుండా గాలికి ఆరుతుంది. చేతికి పొడి రాసుకోవడం ఆట నియమాల్లో 4.3 కింద అనుమతించినదే, అనుమానం వద్దు. గ్లవ్ లేకుండా ఆడమని కొందరు సలహా ఇస్తారు. అమెరికా ఆటగాడు ఫ్రెడ్ కపుల్స్ 1992లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ గెలిచింది గ్లవ్ లేకుండానే. ఆ చేతులు ఆయనవి. విశాఖ ఉక్కలో ఆ ప్రయోగం మాత్రం చేయకండి.

తోలుపనివాడు:
తూర్పుతీరం గారూ, చెన్నైలో తోళ్ళ సాంకేతికత చదివి, ఇరవై రెండేళ్ళు రాణిపేట టానరీల్లో, అంటే తోళ్ళు పదునుచేసే కర్మాగారాల్లో, పనిచేసినవాణ్ణి. మీ మొదటి గ్లవ్ సంగతి చదివి మనసు చివుక్కుమంది.

మంచి గ్లవ్‌లకు వాడే కాబ్రెట్టా, ఉన్ని కాకుండా వెంట్రుకలు పెరిగే గొర్రెల తోలు. మన నెల్లూరు గొర్రె కూడా ఆ తరహా జాతే. ఉన్ని గొర్రె తోలు గుల్లగా ఉంటుంది, దీని పీచు మాత్రం దట్టంగా అల్లుకుని ఉంటుంది. అందుకే సుమారు అర మిల్లీమీటరు మందానికి పలచగా తీసినా బలం ఉంటుంది. ఆ పీచుపోగులు ఒకదానిమీద ఒకటి జారడానికి టానరీలో నూనె పట్టిస్తాం. మెత్తదనమంతా ఆ నూనెదే. తడిసి, ఎండలో గబగబా ఆరినప్పుడు పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తోలు ముడుచుకుంటుంది. దానికి చెమటలోని ఉప్పు తోడైతే ఇంకా పెళుసెక్కుతుంది. మీ చేతిలో చిరిగింది అలాంటి తోలు.

ఇంటికి రాగానే చేయవలసింది చెబుతాను. గ్లవ్‌ను మణికట్టు దగ్గర పట్టి గుంజవద్దు, ఒక్కో వేలి కొస వదులు చేసి తీయండి. శుభ్రమైన తడిగుడ్డతో లోపలా బయటా తుడిస్తే ఉప్పు పోతుంది. పొడి తువ్వాలు మడత మధ్య పెట్టి అరచేత్తో అదమండి, పిండకూడదు. నీడన, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. సగం ఆరాక ఒకసారి చేతికి తొడిగి నాలుగైదు సార్లు పిడికిలి బిగించి విప్పండి. వేళ్ళు మళ్ళీ తమ ఆకారానికి వస్తాయి, తోలు బిగిసిపోదు. ఈ ఒక్క పని ఎవరూ చేయరు, అసలు కీలకం ఇదే. పూర్తిగా ఆరాక వెల్క్రో మూసి, చదునుగా పరిచి దాచండి. బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన వేస్తే బూజు దగ్గరకు రాదు. మెత్తదనం కోసమని కొబ్బరినూనె మాత్రం రాయవద్దు, క్లబ్ మళ్ళీ జారుతుంది.

కొనేటప్పుడు అరచేతిలో మడత పడకుండా, బిగువుగా ఉన్నది చూడండి. తడిస్తే తోలు సాగుతుంది, మొదటి రోజే వదులుగా ఉంటే వానలో సంచిలా తయారవుతుంది. వేళ్ళు పొట్టిగా, అరచెయ్యి వెడల్పుగా ఉంటే కేడెట్ సైజు అడగండి.

ఆ మూడో గ్లవ్ చిల్లు తోలు లోపం కాదు. క్లబ్ పైకి వెళ్ళినప్పుడు గ్రిప్ (క్లబ్‌ను పట్టుకునే చోట ఉండే తొడుగు) కొస అక్కడ కదిలి రాస్తోంది. గ్లవ్ మార్చే ముందు మీ గ్రిప్పులు ఒకసారి చూసుకోండి.

క్లైడ్‌ఒడ్డు:
గ్లాస్గో నుంచి రాస్తున్నాను. ఇక్కడ వాన ఆగేదాకా కూర్చుంటే ఆటే ఉండదు. తూర్పుతీరం గారూ, కుడి చేతికి కూడా తప్పకుండా వేసుకోండి. ఎడమ చెయ్యి ఎంత పట్టినా, కింద ఉన్న ఉత్త కుడి చెయ్యి నీళ్ళలో జారితే క్లబ్ మెలి తిరుగుతుంది. భయంతో ఇంకా గట్టిగా బిగిస్తాం, ఊపు చెడుతుంది.

వాన గ్లవ్ నీళ్ళను ఆపేది కాదు. చెయ్యి తడుస్తుంది. దాని బట్ట తడిసేకొద్దీ గ్రిప్‌ను గట్టిగా పట్టుకుంటుంది, అంతే. సగం తడి, సగం పొడిగా ఉన్నప్పుడే నాకు పట్టు తక్కువ అనిపించింది. అందుకే మొదటి హోల్ దగ్గరే నీళ్ళతో తడిపేసుకుంటాను. చెమటకూ ఇదే పనిచేస్తుంది, మీకు వాన లేని రోజుల్లోనూ పనికొస్తుంది. ఇంటికి వచ్చాక చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బుతో చేత్తో ఉతికి నీడన వేయండి. నా జత ఇది మూడో ఏడు. తోలు గ్లవ్ స్పర్శ మాత్రం దీనికి రాదు, పుట్టింగ్‌కు, అంటే బంతిని మెల్లగా దొర్లించి హోల్‌లో వేసేటప్పుడు, విప్పేస్తాను.

తూర్పుతీరం:
ముగ్గురికీ ధన్యవాదాలు. తోలుపనివాడు గారి మాట ప్రకారం నిన్న గ్రిప్పులు చూశాను. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు వేసి, పాత పళ్ళ బ్రష్‌తో పదమూడూ రుద్దితే బకెట్టులో నీళ్ళు నల్లగా దిగాయి. ఏడో ఐరన్ గ్రిప్ బొటనవేలు ఆనే చోట అద్దంలా నున్నగా అరిగిపోయింది. దాన్ని మార్పిస్తున్నాను. వాన గ్లవ్ జతకు ఆర్డరు చెప్పాను, వచ్చేదాకా తుంపరలో ఆడను. ఈ ఉదయం తడిసిన తోలు గ్లవ్‌ను సగం ఆరాక తొడిగి పిడికిలి బిగించి చూశాను. ఇప్పుడు ఫ్యాను కింద ఉంది, వేళ్ళు మెత్తగానే ఉన్నాయి.