చర్చ: మాంసం మానేస్తే గుండె బాగుపడుతుందా, లేక గడ్డపెరుగునీ అనుమానించాలా?

పప్పుగుత్తి:
చెడు కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 160 దాటిందనగానే చికెన్, మటన్ మానెయ్యమని చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. మన ఇళ్లలో శాకాహారమంటే పాలు, పెరుగు, నెయ్యి, పూటపూటా తెల్లన్నం. దాన్నీ, గుండెకు మేలు చేసే మొక్కల ఆహారాన్నీ ఒకే గాటన కట్టకండి. అమెరికాలో 2 లక్షల మందికి పైగా వైద్యరంగ ఉద్యోగుల తిండి వివరాలతో హార్వర్డ్ వాళ్లు 2017లో లెక్క తేల్చారు. ముడిధాన్యాలు, పప్పులు, పళ్లు, గింజలు బాగా తిన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు సుమారు 25 శాతం తక్కువ. మైదా, తీపి పానీయాలు, బంగాళాదుంప, స్వీట్ల మీద బతికినవాళ్లకి 32 శాతం ఎక్కువ. ఇవన్నీ మొక్కల నుంచి వచ్చినవే మరి!

గోంగూరపచ్చడి:
ముద్దపప్పులో చెంచాడు నెయ్యి వేసుకుంటే కొంప మునుగుతుందా? అంకెలు చెప్పండి.

పప్పుగుత్తి:
చెంచాడుతో మునగదు. టీ చెంచా నెయ్యి 5 గ్రాములు, అందులో ఎల్‌డీఎల్‌ని పెంచే సంతృప్త కొవ్వు 3 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గాల్సినవాళ్లకి రోజు మొత్తం కేలరీల్లో ఈ సంతృప్త కొవ్వు వాటా 6 శాతం దాటకూడదంటారు. 2000 కేలరీలు తినేవారికి అది 13 గ్రాములు.

ఇప్పుడు గేదెపాలు చూడండి. వెన్నశాతం 6.5 అనుకుందాం. రెండు కాఫీలు, రెండు పూటలా పెరుగు కలిపి అరలీటరు పాలు ఇట్టే అవుతాయి. కొవ్వు 33 గ్రాములు, అందులో సంతృప్తం 20 పైచిలుకు. నెయ్యిగిన్నె మూత తీయకముందే హద్దు దాటిపోయాం. అదే అరలీటరు, కొవ్వు బాగా తగ్గించిన డబుల్ టోన్డ్ పాలయితే సంతృప్తం 5 గ్రాములకు అటూఇటూ. మీగడ తీసేస్తున్నామంటారు, నిజమే, కొంత తగ్గుతుంది. ఆ మీగడే కదా వారాంతానికి నెయ్యి అయి మళ్లీ కంచంలోకొచ్చేది!

గోదారిగట్టు:
పాల సంగతి ఒప్పుకుంటాను. చేపల్ని కూడా మాంసంతో కలిపి గెంటెయ్యడమే నాకు నచ్చదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 48 వేల మందిని 18 ఏళ్లు గమనించి 2019లో ప్రకటించిన ఫలితాలు చూడండి. మాంసాహారులతో పోలిస్తే శాకాహారులకి గుండెజబ్బు 22 శాతం తక్కువ, కానీ పక్షవాతం 20 శాతం ఎక్కువ. చేపలు తింటూ మాంసం మానినవాళ్లకి గుండెజబ్బు 13 శాతం తగ్గింది, పక్షవాతం చెప్పుకోదగ్గంత పెరగలేదు. వారానికి రెండుసార్లు కవ్వళ్లో కానాగంతలో పులుసు పెట్టుకుంటే గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు, విటమిన్ బి12 రెండూ అందుతాయి. వేపుడు చేస్తే మాత్రం నా వాదన నూనెలో కలిసినట్టే.

దంపుడుబియ్యం:
శాతాలు చెప్పి భయపెట్టకండి. అదే అధ్యయనం ప్రకారం వెయ్యి మంది శాకాహారుల్లో పదేళ్లకి తగ్గిన గుండెజబ్బు కేసులు 10, పెరిగిన పక్షవాతాలు 3. పైగా ఇది గమనింపు మాత్రమే, కారణం రుజువు కాలేదు. పక్షవాతం పెరగడానికి బి12 లోపం కారణం కావచ్చన్న అనుమానం ఉంది. అందుకే పాలు కూడా మానేసేవాళ్లు బి12 మాత్ర వేసుకోవాల్సిందే.

అసలు తప్పు మాంసం తీసిన చోట ఏం పెడుతున్నామన్న దగ్గర జరుగుతోంది. కూర తగ్గి అన్నం పెరుగుతుంది. అన్నం పెరిగితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ పడిపోతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2000 కేలరీల కంచానికి ఇచ్చిన కొలతల్లో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85. వండకముందు తూకం ఇది. పప్పుచారు తాగి పప్పు తిన్నామనుకుంటే కుదరదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలో ఉలవలో ఉంటే తప్ప 85 రాదు.

అదే సంస్థ కొలతల్లో నూనె, నెయ్యి కలిపి తలకి రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండా ఖాళీ అవుతుంటే మిగతా చర్చంతా దండగ.

చేపలు తిననివాళ్లకి ఒమేగా-3 ఇచ్చే అవిసె గింజల గురించి ఒక మాట. గింజ గింజగా మింగితే అలాగే బయటికి పోతుంది. దోరగా వేయించి, చల్లారాక పొడి కొట్టాలి. పొడి త్వరగా ముక్కవాసన వస్తుంది కాబట్టి వారానికి సరిపడానే చేసి, గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. రోజుకి 10 గ్రాములు వేసుకుంటే మొక్కల ఒమేగా-3 రెండు గ్రాముల పైనే. చేపల్లోది వేరే రకం, ఒంట్లో ఇది అదిగా మారేది కొంచెమే. అక్కడ గోదారిగట్టు గారిది పైచేయి.

గోంగూరపచ్చడి:
అవిసె కారప్పొడి సరే, అందులో ఉప్పు? రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ మూడూ ఒకే కంచంలో పెట్టుకుని బీపీకి మటన్‌ని తిట్టడం అన్యాయం. (నా పేరు చూసి నవ్వకండి.)

పప్పుగుత్తి:
నవ్వలేదు, ఆకుకూర మాట గుర్తొచ్చింది. గుండెలో లోహపు వాల్వు ఉండి రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు ఇది చదివి రేపటి నుంచే రోజూ తోటకూర, పాలకూర, మునగాకు మొదలెట్టకండి. వాటిలోని విటమిన్ కె వల్ల మందు పనితనం చూపే రక్తపరీక్ష అంకె ఐఎన్ఆర్ పడిపోయి, వాల్వు దగ్గర గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆకుకూర మానక్కర్లేదు. ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి, మోతాదు మారిస్తే డాక్టరుకి చెప్పి ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

గోదారిగట్టు:
కిడ్నీ జబ్బున్నవాళ్లు, ఒంట్లో పొటాషియాన్ని పెంచే స్పైరోనోలాక్టోన్ మందు వాడేవాళ్లు పొటాషియం కూడా చూసుకోవాలి. అది ఎక్కువగా ఉండే కొబ్బరినీళ్లు, అరటిపళ్లు "మొక్కల"వే. తక్కువ సోడియం ఉప్పులోనూ పొటాషియం ఉంటుంది.

దంపుడుబియ్యం:
తిండి మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి లిపిడ్ పరీక్ష చేయించండి, అదే ల్యాబులో అయితే మంచిది. తిండి ఫలితం తెలుసుకోవాలని కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఆపి మరీ చేయించేవాళ్లున్నారు, ఆ పని చెయ్యొద్దు. ఎల్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు పెరిగాయంటే అన్నం గరిటెలు లెక్కపెట్టండి.